ఊరి పేరున్న స్టేషన్ ఎవరిది?

కాజీపేట నుంచి విజయవాడకు వెళ్లే దారిలో నెక్కొండ, కేసముద్రం, గార్ల, మోటమర్రి, ఎర్రుపాలెం వంటి చిన్న స్టేషన్లు వస్తూ పోతూ ఉంటాయి. ఎక్స్‌ప్రెస్ బండిలో కూర్చున్నవారికి వాటి పేరు పూర్తిగా చదివే వ్యవధి కూడా దొరకదు. పసుపు రంగు బోర్డు, రెండు చెట్లు, పచ్చజెండా పట్టుకుని నిలబడిన ఒక మనిషి, అంతలోనే మళ్లీ పొలాలు. ఇలాంటి స్టేషన్ల చరిత్ర మీద నాకు చాలా కాలంగా ఆసక్తి ఉంది. చదివిన కొద్దీ, ఆ లైన్లలో తిరిగిన కొద్దీ నాలో స్థిరపడిన అభిప్రాయం ఒకటే. పల్లెటూరి స్టేషన్‌ను పల్లెటూరి కోసం కట్టినవారు దాదాపుగా లేరు. లైను నడవడానికి అవసరమై దానిని కట్టారు; కట్టిన తరువాత ఊరు దానిని తన పనులకు వాడుకుంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే, టికెట్ కిటికీ మూతపడిన స్టేషన్లలో కూడా స్టేషన్ మాస్టర్ గదిలో రాత్రంతా దీపం ఎందుకు వెలుగుతుందో అర్థమవుతుంది.

ఒకే ట్రాక్ ఉన్న లైను మీద ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లు ఎక్కడో ఒకచోట ఒకదానికొకటి దారి ఇచ్చుకోవాలి. ఆ తప్పుకునే చోటే స్టేషన్. రెండు స్టేషన్ల మధ్య దూరం 10 కిలోమీటర్లు అనుకుంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో నడిచే గూడ్సు బండికి అది 15 నిమిషాల దారి. ఆ 15 నిమిషాలూ ఆ మధ్య ముక్కలోకి మరో బండిని వదలకూడదు. అదే దూరం 20 కిలోమీటర్లయితే ఎదుటి బండి నిరీక్షణ అరగంటకు పెరుగుతుంది, రోజుకు నడపగలిగే బండ్ల సంఖ్య దాదాపు సగానికి పడిపోతుంది. ఇంజనీర్లు పటం మీద చుక్కలు పెట్టుకుంటూ పోయింది ఈ లెక్కతోనే. చుక్క పడిన చోటికి దగ్గరలో ఏ ఊరుంటే ఆ ఊరి పేరు బోర్డు మీదికి ఎక్కింది.

స్టేషన్ చాలాచోట్ల ఊరికి కిలోమీటరో, రెండు కిలోమీటర్లో దూరంగా పొలాల మధ్య ఉండడానికి కారణం కూడా ఇదే. లూపు లైను, అంటే ఒక బండిని పక్కకు తప్పించి నిలిపే లైను వేయడానికి చదునైన, వీలైనంత వంపులేని నేల అర కిలోమీటరుకు పైగా కావాలి. అటువంటి నేల ఊరి నడిబొడ్డున దొరకదు, దొరికినా దాని ధర వేరు. వాగులు, కాలువలు, చెరువులు తప్పించుకుంటూ ఎత్తైన కట్ట మీద సాగే లైను, ఊళ్లను పలకరించడానికి పక్కకు తిరగలేదు. బోర్డు మీద ఊరి పేరు కింద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది కదా, అది ప్రయాణికుడికి ఎందుకూ పనికిరాని సమాచారం. లైను ఎక్కడ ఎంత ఎక్కుతుందో, ఎంత దిగుతుందో చూసుకునే ఇంజనీర్ల లెక్క అది. స్టేషన్ ఎవరి అవసరం కోసం పుట్టిందో దాని నుదుటి మీదే రాసి ఉందన్నమాట.

మన ప్రాంతానికి రైలు వచ్చిన క్రమం చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల బండి 1856లో మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచింది. మద్రాసు రైల్వే వేసిన వాయవ్య లైను రేణిగుంట, కడప, గుత్తి మీదుగా సాగి 1871లో రాయచూరు వద్ద బొంబాయి నుంచి వచ్చిన లైనుతో కలిసింది. రెండు రేవు నగరాలను కలపడం దాని ఉద్దేశం. మధ్యలో ఉన్న రాయలసీమ పల్లెలు దారిలో తగిలినవి మాత్రమే. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు వచ్చిన నిజాం లైను హైదరాబాదును ఆ బొంబాయి–మద్రాసు మార్గానికి కలిపింది. అదే లైను తూర్పుకు సాగి, సింగరేణి బొగ్గు కోసం డోర్నకల్ నుంచి ఇల్లెందు వైపు ఒక కొమ్మ వేసుకుని, 1889లో బెజవాడ చేరింది. తీరం వెంట లైన్లు 1890ల్లో పడ్డాయి; బెజవాడ నుంచి మద్రాసుకు 1899లో దారి పూర్తయింది, రాజమండ్రి వద్ద గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన 1900లో తెరుచుకుంది. కాజీపేట–బల్లార్షా లైను 1929లో పూర్తి కావడంతో ఢిల్లీ, మద్రాసుల మధ్య నేరుగా దారి ఏర్పడింది.

వీటిలో కొంత భిన్నమైనది గుంతకల్లు నుంచి నంద్యాల, కంభం, నరసరావుపేట, గుంటూరు మీదుగా బెజవాడ వైపు వేసిన మీటర్‌గేజ్ లైను. 1876–78 నాటి కరువులో రాయలసీమ జనం లెక్కకు అందనంతగా చనిపోయారు. రైలున్న చోటికి మద్రాసు రేవు నుంచి ధాన్యం వచ్చిన మాట నిజమే. ఎక్కువ ధర పలికే చోటికి ఉన్న ధాన్యం అదే రైలెక్కి తరలిపోయిన మాట కూడా నిజమే. 1880 నాటి కరువు కమిషన్ మాత్రం రైలు మార్గాలు పెంచడమే మందు అని చెప్పింది. ఆ సిఫారసుల కాలంలో కరువు రక్షణ పేరుతో మొదలైన లైన్లలో ఇదొకటి. ప్రజల అవసరం చూపించి వేసిన లైనే అయినా, స్టేషన్ల స్థానాన్ని నిర్ణయించింది మాత్రం పాత లెక్కే. నల్లమల కనుమలో ఉన్న చలమ స్టేషన్ చుట్టూ అడవి తప్ప చెప్పుకోదగిన ఊరు లేదు. ఘాట్ దారిలో బండ్లు తప్పుకోవడానికి ఒక చోటు కావాలి కనుక అది ఉంది.

ఈ విషయంలో అన్నిటికన్నా సూటిగా మాట్లాడేది కొత్తవలస–కిరండూల్ లైను. బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడం కోసం 1960ల్లో వేసిన లైను ఇది. బొర్రా గుహలు, శిమిలిగుడ, అరకు స్టేషన్లలో ఆగే ప్రయాణికుల బండి ఆ ఖనిజపు బండ్ల సందుల్లో నడుస్తుంది. 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తైనదిగా పేరు పొందింది. చుట్టూ ఉన్న గిరిజన గూడేలకు ఆ స్టేషన్ అవసరమా కాదా అని దానిని కట్టిన రోజు ఎవరూ అడిగి ఉండరని నా నమ్మకం.

అయితే, తన కోసం కట్టనిదానిని ఊరు వాడుకున్న తీరు చూడముచ్చటగా ఉంటుంది. ముందుగా గడియారం. 1906లో భారత ప్రామాణిక సమయం అమలులోకి రాకముందు రైళ్లు మద్రాసు సమయాన్ని పాటించేవి. పొద్దు చూసి పని చేసుకునే పల్లెకు నిమిషం అనే కొలత తెలిసింది స్టేషన్ గోడ మీదే. ఆ తరువాత తంతి. ఊళ్లో తంతి కచేరీ లేని రోజుల్లో చావు కబురైనా, పెళ్లి కబురైనా స్టేషన్ తీగ మీదే నడిచేది. ఉత్తరాల సంచులు, పత్రికల కట్టలు ప్యాసింజర్ బండిలోంచి దిగేవి. జాతీయోద్యమ కాలంలో ప్రభుత్వం అంటే పల్లెకు కనిపించే మొదటి గుర్తు స్టేషన్ కాబట్టి కోపం కూడా దాని మీదే పడింది. 1942 ఆగస్టు 12న తెనాలి స్టేషన్‌కు జనం నిప్పుపెట్టారు, పోలీసు కాల్పుల్లో ఏడుగురు మరణించారు. తెనాలి పల్లెటూరు కాదు గానీ, ఆ రోజు అక్కడికి చేరినవారిలో చుట్టుపక్కల పల్లెలవారు లేరనుకోలేం.

అన్నిటినీ మించి గూడ్స్ షెడ్డు. ఒక్క వ్యాగన్ సరుకు పోగైనా బుక్ చేసుకునే రోజులవి. వ్యాగన్ నిండకపోతే మూటలు, బుట్టలు, పెట్టెల లెక్కన కూడా పంపుకునేవారు. మామిడి, తమలపాకు, మిర్చి, పొగాకు, నాపరాళ్లు, సరుగుడు కట్టెలు, ఏ సీమలో ఏది పండితే, ఏది దొరికితే అది ఎడ్లబండ్ల మీద స్టేషన్ చేరేది. పాత కడప జిల్లాలోని కోడూరు పేరుకు ముందు ‘రైల్వే’ చేరి స్థిరపడిపోయింది. ఇతర కోడూర్ల నుంచి వేరుచేయడానికి మొదలైన ఆ వాడుక, ఊరి వ్యాపారం దేనితో ముడిపడిందో కూడా చెబుతుంది.

ఇక స్టేషన్ పని తీరు. దీని గురించి రాయడం మొదలుపెడితే నాకు ఆపబుద్ధి కాదు. ఒంటి లైను మీద ఎదుటి స్టేషన్‌కు బండి పంపాలంటే అక్కడి స్టేషన్ మాస్టర్ ‘లైన్ క్లియర్’, అంటే దారి ఖాళీగా ఉందన్న అనుమతి ఇవ్వాలి. పాత రోజుల్లో రెండు స్టేషన్లలోనూ నీల్స్ టోకెన్ యంత్రాలుండేవి, వాటి కడుపులో ఉక్కు గోళాలుండేవి. రెండు యంత్రాలూ విద్యుత్ తీగతో జతకట్టి ఉండేవి కనుక ఇద్దరు మాస్టర్లూ ఒప్పుకుంటేనే ఒక గోళం బయటికి వచ్చేది. అది అవతలి యంత్రంలోకి చేరేదాకా ఏ వైపు నుంచీ రెండో గోళం వచ్చేది కాదు. ఆ గోళం చేతిలో ఉన్న డ్రైవర్‌కే ఆ ముక్క మీద నడిచే హక్కు. దానిని తోలు సంచిలో పెట్టి పెద్ద బెత్తపు రింగుకు తగిలించేవారు. ఆగని బండి వేగం తగ్గించుకుని వస్తుంటే, ఇంజన్‌లోని సహాయకుడు చెయ్యి చాచి పాత రింగును విసిరి కొత్త రింగును మోచేతికి తగిలించుకునేవాడు. పొరపాటు చేద్దామనుకున్నా కుదరని ఏర్పాటు ఇది. కాగితం మీది సంతకాన్ని నమ్మకుండా, చేతికి తగిలే ఒక ఇనుప ముద్దను నమ్మిన ఆ ఆలోచన నాకు నేటి కంప్యూటర్ తెరల కంటే గొప్పగానే కనిపిస్తుంది.

రెక్క సిగ్నళ్ల కాలంలో స్టేషన్‌కు రెండు చివర్లా కేబిన్లుండేవి. అక్కడి మనిషి పొడవాటి లివర్‌ను బలమంతా పెట్టి లాగితే, ఎంతో దూరంలో ఉన్న సిగ్నల్ రెక్క తీగ సాయంతో వంగేది. సాయంత్రం కాగానే దీపాలవాడు కిరసనాయిలు దీపాలు మోసుకుంటూ నిచ్చెన ఎక్కి ఒక్కో సిగ్నల్‌కూ పెట్టి వచ్చేవాడు. బండి బయలుదేరిందని ముందు స్టేషన్ నుంచి కబురు రాగానే, వేలాడదీసిన పట్టా ముక్క మీద గంట కొట్టేవారు. ఊరి నుంచి నడిచి వచ్చేవారు ఆ గంట విని అడుగులు పెంచేవారు. టికెట్టు గట్టి అట్టముక్క. ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్‌సన్ 1830ల్లో రూపొందించిన పద్ధతి అది. ముందే వరుస సంఖ్యతో అచ్చయి అరల్లో పేర్చి ఉండేది, తారీఖు యంత్రంలో ఒకసారి నొక్కి కిటికీలోంచి తోసేవారు. సాయంత్రం అరలో అడుగున మిగిలిన టికెట్ సంఖ్య చూస్తే ఆ రోజు లెక్క తేలిపోయేది.

ఈ ఏర్పాటును మొదట కదిపింది ఆవిరి యంత్రం వెళ్లిపోవడం. ఆవిరి ఇంజన్‌కు దారిలో నీళ్లు, బొగ్గు కావాలి, కొంత దూరానికి ఇంజన్ మారాలి. నెల్లూరు జిల్లా బిట్రగుంట, కడప సీమలోని నందలూరు పెద్ద ఇంజన్ షెడ్లతో రైల్వే ఊళ్లుగా వెలిగింది ఆ అవసరం వల్లే. డీజిల్ వచ్చి, 1980 నాటికి విజయవాడ–మద్రాసు మార్గానికి కరెంటు తీగ పడిన తరువాత బండ్లకు అక్కడ ఆగే పని లేకుండా పోయింది. ఆ ఊళ్ల వైభవం ఎందుకు తగ్గిందని రకరకాల కారణాలు చెబుతారు గానీ, అసలు కారణం నీళ్లు అక్కర్లేని ఇంజనే.

రెండో దెబ్బ గూడ్స్ షెడ్డుకు తగిలింది, పల్లె వైపు నుంచి చూస్తే ఇదే పెద్ద దెబ్బ. 1980ల నుంచి రైల్వే ఒక్కో వ్యాగన్ పోగుచేసే పద్ధతిని వదిలి, ఒక చోట నిండి మరో చోట ఖాళీ అయ్యే పూర్తి రేకుల (రేకు అంటే ఒకే సరుకుతో నిండిన మొత్తం గూడ్సు బండి) వైపు మళ్లింది. రైల్వే లెక్క ప్రకారం అది సరైన నిర్ణయమే, ఎందుకంటే ఒక్కో వ్యాగన్‌ను యార్డుల్లో విడదీసి కలపడానికి రోజులు పట్టేది. కానీ పల్లెటూరి రైతుకూ, చిన్న వ్యాపారికీ ఒక రేకు నిండే సరుకు ఎక్కడ నుంచి వస్తుంది? బొగ్గు, సిమెంటు, ఎరువులు, ఎఫ్‌సీఐ బియ్యం మిగిలాయి. బుట్టలు, మూటలు లారీ ఎక్కాయి. ఇప్పుడు చాలా స్టేషన్లలో గూడ్స్ షెడ్డు ఉన్న చోట తుమ్మచెట్లు మొలిచిన ఒక ఎత్తైన గట్టు మాత్రమే కనిపిస్తుంది.

ప్రయాణికుల సంగతి మెల్లగా మారింది. బస్సు, ఆటో ఊళ్లోకే వస్తుంటే రెండు కిలోమీటర్లు నడిచి స్టేషన్‌కు వెళ్లేవారు తగ్గారు. ఆదాయం తక్కువున్న స్టేషన్లను హాల్టుగా మార్చి, టికెట్ల అమ్మకాన్ని కమిషన్ మీద పనిచేసే ఏజెంటుకు అప్పగించారు. ఆ ఏజెంటు పక్క స్టేషన్ నుంచి టికెట్లు కొని తెచ్చుకుని, బండి వేళకు కిటికీ తెరుస్తాడు, బండి పోగానే మూసుకుంటాడు.

2020 మార్చి 22న ప్రయాణికుల బండ్లన్నీ ఆగిపోయాయి. తిరిగి నడిచినప్పుడు ప్యాసింజర్లు ప్రత్యేక బండ్ల పేరుతో నడిచాయి, 10 రూపాయల కనీస చార్జీ 30 అయింది, కొత్త టైంటేబుల్‌లో అనేక చిన్న హాల్టులు మాయమయ్యాయి. చార్జీని 2024 ఫిబ్రవరి చివర్లో మళ్లీ పాత స్థాయికి తెచ్చారు. ఆ నాలుగేళ్లలో మోటారు సైకిల్‌కు, షేర్ ఆటోకు అలవాటుపడినవారిలో ఎంతమంది వెనక్కి వచ్చారన్నది వేరే ప్రశ్న. ఎక్కేవారు లేరు కనుక బండి ఆపలేమని రైల్వే అంటుంది. బండి ఆగదు కనుక ఎక్కేవారు లేరని ఊరు అంటుంది. ఇద్దరి మాటా నిజమే కావడం ఈ వివాదంలోని చిక్కు.

ఈ చిక్కును నెక్కొండ ప్రజలు ఎదుర్కొన్న తీరు వార్తల్లోకి ఎక్కింది. ఒక ఎక్స్‌ప్రెస్ బండి అక్కడ ఆగడం టికెట్ల ఆదాయం మీద ఆధారపడిందని తెలిసి, ప్రయాణం లేకపోయినా చందాలు వేసుకుని టికెట్లు కొన్నారు. ఆ ఐకమత్యాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. అయినా ఒక ఊరు తన పేరున్న స్టేషన్‌లో బండి ఆగడానికి ఖాళీ సీట్లకు డబ్బు కట్టవలసి రావడం సబబుగా మాత్రం అనిపించదు.

మరి నేడు ఆ స్టేషన్‌లో జరిగే పనేమిటి? చాలానే ఉంది. లూపు లైను నిత్యం నిండే ఉంటుంది. వెనక నుంచి వేగంగా వచ్చే వందే భారత్‌కో, సూపర్‌ఫాస్ట్‌కో దారి ఇవ్వడానికి బొగ్గు రేకును లూపులో పెడతారు. డివిజన్ కేంద్రంలో కూర్చున్న కంట్రోలర్ ఏ బండిని ఎక్కడ ఆపాలో చెబుతూ ఉంటే స్టేషన్ మాస్టర్ తెర మీద దారి కుదురుస్తాడు. లివర్లు పోయి, బండిని ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే మోటారు పాయింట్లు వచ్చాయి, రెక్కలు పోయి రంగు దీపాలు వచ్చాయి. ఆగని ప్రతి బండినీ బయటికి వచ్చి పచ్చజెండాతో చూడడం మాత్రం పోలేదు. అది మర్యాద కోసం కాదు. ఇరుసు వేడెక్కి పొగ వస్తోందా, బండి కింద ఏదైనా వేలాడుతోందా అని చూడడం దాని ఉద్దేశం. బండిని తనంతట తానే ఆపగల ‘కవచ్’ వ్యవస్థకు ప్రయాణికుల బండ్ల మీద పరీక్షలు కూడా 2016లో దక్షిణ మధ్య రైల్వే పరిధిలో, ఇలాంటి చిన్న స్టేషన్ల మధ్యే మొదలయ్యాయి.

2024 సెప్టెంబరు మొదట్లో కుండపోత వాన కురిసి కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. అటు, ఇటు బండ్లు ఎక్కడివక్కడ చిన్న స్టేషన్లలో నిలిచిపోయాయి, ప్రయాణికులను అక్కడి నుంచి బస్సుల్లో తరలించారు. ఎక్స్‌ప్రెస్‌లు ఆగని స్టేషన్లను రైల్వే ఎందుకు మూసేయదో అడిగేవారికి ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు.

అంటే స్టేషన్ లైనుకు ఎప్పటిలాగే కావాలి, ఊరికి అందేది మాత్రం తగ్గింది. దీనికి మందుగా ప్రతి ఊరూ ఎక్స్‌ప్రెస్ ఆపమని ఎంపీలకు అర్జీలు పెడుతోంది, రైల్వే అప్పుడప్పుడు ఆరు నెలల ప్రయోగాత్మక హాల్టు ఇస్తోంది. నా దృష్టిలో ఈ అడగడంలో గురి తప్పింది. ఇరవైకి పైగా పెట్టెలున్న ఎక్స్‌ప్రెస్‌ను ఆపి మళ్లీ వేగం అందుకునేలా చేయడానికి సమయం, కరెంటు రెండూ ఖర్చే. ఆ హాల్టు వల్ల దక్కేది రోజుకు ఒక బండి, అదీ చాలాసార్లు అర్ధరాత్రి. మెమూ, అంటే దగ్గరి ఊళ్ల మధ్య నడిచే కరెంటు ప్యాసింజర్ బండి తీరు వేరు. దానికి మోటార్లు పెట్టెల మధ్య పంచి ఉంటాయి కనుక వెంటనే వేగం అందుకుంటుంది, పది కిలోమీటర్లకొకసారి ఆగడానికే దానిని తయారుచేశారు. 150 కిలోమీటర్ల వరకు సీజన్ టికెట్ దొరుకుతుంది. పొద్దున కాలేజీ, ఆఫీసు వేళకు ఒకటి, సాయంత్రం తిరిగి రావడానికి ఒకటి, మధ్యాహ్నం ఆసుపత్రి పనుల వారికి ఒకటి ఉంటే చాలా పల్లెలకు ఎక్స్‌ప్రెస్ హాల్టు అక్కర్లేదు.

ఇన్నాళ్లూ దీనికి రైల్వే ఇచ్చిన జవాబు లైను మీద ఖాళీ లేదన్నదే, అది సాకు కూడా కాదు. కానీ కాజీపేట–విజయవాడ, విజయవాడ–గూడూరు మార్గాల్లో మూడో లైను పనులు ముక్కలు ముక్కలుగా పూర్తవుతున్నాయి. ఆ కొత్త ట్రాక్ కోసం పల్లెల పొలాలే సేకరించారు. కాబట్టి పెరిగే ఖాళీలో మెమూలకు వేళలు ముందుగా కేటాయించి, ఆ తరువాతే మిగతా టైంటేబుల్ రాయమని అడగడానికి ఆ ఊళ్లకు హక్కుంది, అడగవలసిన సమయం కూడా టైంటేబుల్ ఖరారు కాకముందే.